కడిగిన గోలెం

గులాబీ వాసన అంటే నాకు ఇప్పుడు ఇష్టం లేదు. మస్కట్‌లో ఏ హల్వా దుకాణం ముందు నుంచి పోయినా, ఎవరింట్లో గులాబీ నీళ్ళు కలిపిన కాఫీ పోసినా ఆ వాసన వస్తుంది. పక్కనున్నవాడు గట్టిగా పీల్చి సంతోషపడతాడు. నేను మొహం తిప్పుకుంటాను. జబల్ అఖ్దర్ కొండ మీద గులాబీ నీళ్ళు కాచే ఒక ఇంట్లో ఐదేళ్ళు పనిచేశాను. ఆ ఇంటికి నేను చేసిన చెడ్డ పని ఒకటి ఉంది. దాన్ని చాలాకాలం కడుపులోనే పెట్టుకున్నాను. చెప్పాల్సిన మనిషికి పోయిన రంజాన్ పండుగ తర్వాత చెప్పాను కాబట్టి, ఇప్పుడు రాయడానికి అడ్డం లేదు.

కొండ ఎక్కింది గులాబీల కోసం కాదు. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన అందరిలాగే నేనూ కంపెనీలో లేబర్‌గా వచ్చాను. కొండ మీద హోటల్ కడుతుంటే గోడలకు రాళ్ళు మోశాను. ఆ సైట్ అయిపోగానే మమ్మల్నందరినీ రైసూత్ పోర్టు దగ్గరికి పంపిస్తామన్నారు. అదే వారం, సైట్‌కు కింద ఉన్న ఊరి నుంచి ఒక ముసలాయన కర్ర పట్టుకొని వచ్చాడు. వానకు తోట గట్టు కూలింది, రాయి పేర్చే మనిషి కావాలన్నాడు. రెండు రోజుల పని అని పోయాను. గట్టు పూర్తయ్యాక ఆయన దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూశాడు. తర్వాత నాకు ఖర్జూరాలు పెట్టి, కాఫీ పోసి, నా దగ్గరే ఉంటావా, వీసా మార్పిస్తాను అన్నాడు. నాకు మెచ్చుకోళ్ళ పిచ్చి. నా పని బాగుందని ఎవరన్నా అంటే వాళ్ళ వెంట పోతాను. అట్లాగే పోయాను.

నేను ఆయన్ను బాబా అనేవాణ్ణి. ఆయన నన్ను రఫీక్ అనేవాడు. దోస్తు అని అర్థం గానీ, ఒమన్‌లో మావంటి పనివాళ్ళందరికీ అదే పేరు. ఆయనకు విరిగిన హిందీ, నాకు విరిగిన అరబ్బీ. రెండూ కలిపి గడిపేవాళ్ళం. ఆయన మాటలు నా చెవిలో మా ఊరి మాటల్లాగే పడేవి. ఇక్కడ కూడా అట్లాగే రాస్తాను, ఇంకో రకంగా నాకు గుర్తు లేవు.

ఆ ఇంటి ఆస్తి అంటే కొండ వాలు మీద మెట్లు మెట్లుగా పదకొండు చిన్న మళ్ళు. వాటి నిండా గులాబీ పొదలు, గట్ల మీద దానిమ్మ చెట్లు. పైనుంచి రాతి కాలువలో నీళ్ళు వచ్చేవి. ఒక్కో ఇంటికి ఒక్కో వంతు, మా వంతు వచ్చినప్పుడు అడ్డం పెట్టిన గుడ్డ తీసి మళ్ళకు వదిలేవాళ్ళం. బాబా తాత ఆ మళ్ళు కట్టాడట. ఆయన తర్వాత కొడుకు, ఆ కొడుకు తర్వాత బాబా. బాబాకు ఒక్కడే కొడుకు. ఆయనకు మస్కట్‌లో ఆఫీసు ఉద్యోగం, అల్ మవాలేలో ఇల్లు, పిల్లలకు అక్కడే బడి. నేను ఆయన్ను అర్బాబ్ అనేవాణ్ణి, యజమాని అని. మంచి మనిషే. కానీ కొండ దారి మీద కారు నడపడం ఆయనకు విసుగు.

పూలు విచ్చేది ఎండాకాలం మొదట్లో, నలభై రోజులకు మించి ఉండవు. తెల్లవారి ఎండ తగలకముందే కోసేవాళ్ళం. తర్వాత పొయ్యి. మట్టితో, రాళ్ళతో కట్టిన పొడుగాటి పొయ్యి, దానిలో వరసగా కుండలు. కుండలో పూరేకులు నింపి, వాటి మీద చిన్న రాగి గిన్నె పెట్టి, కుండ మూతి మీద చన్నీళ్ళ పాత్ర పెట్టేది. ఆవిరి లేచి, ఆ పాత్ర అడుగుకు తగిలి, చుక్కలు చుక్కలుగా రాగి గిన్నెలో పడుతుంది. మంట ఎక్కువైతే రేకులు మాడుతాయి. మాడితే నీళ్ళు గోధుమ రంగుకు తిరిగి, పొగ వాసన కొడతాయి. బాబా ఎక్కడో దూరంగా నమాజు చాప మీద కూర్చొని ఉండి కూడా, ఏ కుండ మాడబోతుందో ముక్కుతో పట్టేవాడు. "మూడో కుండ రఫీక్" అని అక్కడి నుంచే అనేవాడు. కళ్ళు మసకబారిన మనిషికి ముక్కు అంత పదును.

కింద క్యాంపు రూమ్‌లో ఉన్న మా ఊరి దోస్తులు ఫోన్ చేసినప్పుడల్లా "ఏంరా, సారా కాస్తున్నవా?" అని నవ్వేవాళ్ళు. వాళ్ళ నవ్వుకు కారణం ఉంది. మాది కల్లుగీత ఇల్లు. మా నాయిన తాడిచెట్లు ఎక్కేవాడు, తాత ఎక్కేవాడు. నేను ఒక్కరోజు ఎక్కి, సగం దాకా పోయి, కిందికి చూసి, అక్కడే ఏడ్చాను. నాయిన ఎక్కి నన్ను దింపుకొచ్చాడు. ఆ తర్వాత ఎన్నడూ ఎక్కమని అడగలేదు. అడిగితే బాగుండేదని ఆయన పోయాక అనిపించింది. ఆయన చెట్టెక్కే తాడు, మోకును పక్కింటాయన అడిగితే ఇచ్చేసి, పాస్‌పోర్టు చేయించుకున్నాను.

ఒకరోజు పొయ్యి దగ్గర ఈ మాట బాబాకు చెప్పాను. కల్లు అనగానే "తౌబా తౌబా" అని చెవులు ముట్టుకున్నాడు. తర్వాత మళ్ళీ ఆయనే అడిగాడు.

"గది పులుస్తది గదా. పులవకుండ మీ నాయిన ఏం జేస్తుండె?"

"కల్లు వట్టే లొట్టి కడుగుతుండె బాబా. రోజు. బూడిద వెట్టి తోమి, ఎండల బోర్లిచ్చి, సున్నం రాస్తుండె. పాత చుక్క ఒక్కటి లోపల ఉన్నా కొత్త కల్లు ఖరాబైతది."

"మంచి పనిమంతుడు మీ నాయిన" అన్నాడు బాబా.

మా నాయినను అంత మంచిమాట అన్నవాళ్ళు ఊళ్ళో కూడా లేరు. ఆ మాట నేను చాలా రోజులు నెమరేసుకున్నాను. ఇంత నష్టం జరిగింది ఆ మాట వల్లనే అని ఒక్కోసారి అనిపిస్తుంది. కాదు, నా వల్లనే.

ఇంటి వెనక కొండకు ఆనించి కట్టిన చీకటి గది ఒకటి ఉండేది. కాచిన నీళ్ళు తేరుకోవడానికి అందులో పెట్టేవాళ్ళు. ఆ గదిలోకి ఇంటివాళ్ళు తప్ప ఎవరూ పోకూడదు. నేను కాచిన నీళ్ళను రాగి బిందెలో పట్టుకొని గడప దాకా పోయేవాణ్ణి. బాబా అందుకొని లోపలికి పోయేవాడు. సీజన్ చివర ఒక శుక్రవారం కొడుకు పెళ్ళాం పిల్లలతో వచ్చేవాడు. తండ్రీకొడుకులిద్దరూ తలుపు దగ్గరికి వేసుకొని, నీళ్ళన్నీ పెద్ద మట్టి గోలెంలో పోసేవాళ్ళు. బయటికి వచ్చాక పిల్లల నుదుట తలా ఒక చుక్క రాసేవాళ్ళు. ఏడాది మొత్తంలో కొడుకు కొండకు తప్పకుండా వచ్చేది ఆ ఒక్కరోజు. లోపల ఏముందో, ఏం చేస్తారో నేను అడగలేదు. నాలుగేళ్ళు గడప బయటే నిలబడ్డాను.

ఐదో ఏడు, చలి తగ్గుతున్నప్పుడు, బాబాకు కంటి ఆపరేషన్ అన్నారు. కొడుకు వచ్చి మస్కట్ తీసుకుపోయాడు. బండి ఎక్కేముందు బాబా నడుముకున్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఎలుకలు పడ్తయేమో, లోపట జర చూస్తుండు. సాఫ్‌గ ఉంచు" అన్నాడు.

ఆ తాళంచెవి ఆయన ఎవరికీ ఇవ్వగా చూడలేదు. నాకు ఎంత గర్వమైందంటే, ఆ పూట అన్నం వండుకోవడం కూడా మరిచిపోయాను.

నెల దాటింది. పొదలకు మొగ్గలు కనబడుతున్నాయి. బాబా తిరిగి వచ్చేసరికి అంతా తయారుగా ఉంచాలని పొయ్యి మెత్తాను, కట్టెలు కొట్టాను, రాగి గిన్నెలు నిమ్మకాయతో తోమాను. అన్నీ అయ్యాక గది తలుపు తీశాను. మూలన నడుము ఎత్తు గోలెం. పైన చెక్కమూత. మూత తీసి తొంగి చూశాను. అడుగున జానెడు నీళ్ళు, నల్లటి టీ లెక్క. పైన పొర కట్టింది. వంగి వాసన చూస్తే పొగ, మట్టి, ఇంకేదో చేదు వాసన. గులాబీ ఎక్కడో చాలా లోపల, ఉందా లేదా అన్నట్టు ఉంది. ముసలాయనకు కళ్ళు కనబడక చూసుకోలేదు, పాపం, ఇందులో పోస్తే ఈ ఏటి నీళ్ళన్నీ ఖరాబవుతాయి అనుకున్నాను.

ఆ తర్వాత నా చేతులు వాటంతట అవే పనిచేశాయి. గోలేన్ని దొర్లించుకుంటూ బయటికి తెచ్చాను. ఆ నీళ్ళు మొదటి మడిలో దానిమ్మ చెట్టు మొదట్లో పారబోశాను. నేల వెంటనే పీల్చుకుంది. బూడిద పెట్టి, ఖర్జూరపు పీచుతో, భుజం దాకా చెయ్యి లోపల పెట్టి తోమాను. కాలువ నీళ్ళతో ఏడెనిమిదిసార్లు కడిగాను. రెండు రోజులు ఎండలో బోర్లించి, గోడకు వేయగా మిగిలిన సున్నం లోపల పల్చగా రాశాను. మా నాయిన చేసినట్టే, ఒక్క మెట్టు కూడా తప్పకుండా చేశాను. తాడిచెట్టు ఎక్కలేని కొడుక్కు ఆయన దగ్గర అబ్బింది అదొక్కటే.

బాబా నల్లద్దాలు పెట్టుకొని వచ్చాడు. కొడుకు ఆయన్ను దింపి, ఆఫీసు ఉందని అప్పుడే వెనక్కి పోయాడు. బాబా పొయ్యి చూశాడు, కట్టెలు చూశాడు, తల ఊపాడు. నేను వెంటే తిరుగుతున్నాను, పెద్ద మెప్పు గదిలో దొరుకుతుందని. గడప దగ్గర ఆగిపోయాను, అలవాటు ప్రకారం. ఆయన లోపలికి పోయి మూత తీసి చెయ్యి పెట్టాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. చెయ్యి బయటికి తీస్తే వేళ్ళకు సున్నం అంటుకొని ఉంది.

"ఇదేంది?"

"కడిగిన బాబా. ఎండల వెట్టిన. సున్నం గూడ రాసిన."

"లోపట నీళ్ళుండె."

"చెడిపోయినయ్ బాబా. పారవోసిన."

ఆయన వచ్చి గడప మీద కూర్చున్నాడు. అద్దాలు తీసి పక్కన పెట్టాడు. నేను తిట్టు కోసం చూశాను, కొడతాడేమో అనుకున్నాను. ఆయన లేచి కర్ర తీసుకొని "యాడ వోసినవ్?" అన్నాడు. చూపించాను. దానిమ్మ చెట్టు దగ్గర వంగి, గుప్పెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మట్టి మట్టి వాసనే వచ్చి ఉంటుంది. పోసి అప్పటికి వారం దాటింది. ఆ గుప్పిట విప్పకుండానే ఇంట్లోకి పోయాడు.

సాయంత్రం నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్పాడు. గొంతు పెంచలేదు, దించలేదు.

"మా తాత తెచ్చిండు ఆ గోలెం. ఏటేటా పైపైది తీసి అమ్ముకుంటం, అడుగు మాత్రం ముట్టం. అడుగు మీదనే కొత్తది వోస్తం. తాత వోసింది అండ్లనే ఉన్నది, మా నాయిన వోసింది అండ్లనే ఉన్నది. తాత సచ్చిపోయినంక, కడిగి, ఆ అడుగు నీళ్ళే ఒంటికి రాసిన్రు. మా నాయినకు నేనే రాసిన. నాకు నా కొడుకు రాయాలె."

ఆయన కాళ్ళ మీద పడబోయాను, లేపాడు. వాళ్ళలో మనిషి కాళ్ళు మొక్కడం తప్పు.

"నన్ను పంపియ్యి బాబా. వీసా క్యాన్సిల్ చెయ్యి. నేను అర్బాబ్‌కు చెప్పుకుంట."

"చెప్పకు" అన్నాడు. ఆ ఒక్కమాట మాత్రం గట్టిగా అన్నాడు. "వాడు ఏడాదికొకసారి ఆ నీళ్ళ కొరకే వస్తడు. అవి లేవని తెలిస్తే ఇగ రాడు. చెప్పనని మాటియ్యి."

ఇచ్చాను. ఆ మాట ఎంత బరువో అప్పుడు నాకు తెలియలేదు. తప్పు నాది, దాచేది ఆయన. ఇంత చిన్నతనం నాకు ఎన్నడూ అనిపించలేదు.

ఆ సీజన్ అంతా ఆయన నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. తెల్లవారి నమాజు కాగానే దానిమ్మ చెట్టు కింద గట్టు మీద కాసేపు కూర్చొని, తర్వాత బుట్ట పట్టుకొని పూలకు వచ్చేవాడు. నేను కోస్తుంటే పక్క వరసలో ఆయన కోసేవాడు. ముళ్ళు గుచ్చుకుంటే ఇదివరకు ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

పోసే శుక్రవారానికి రెండు రోజుల ముందు ఆయన పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"చివరి కుండ మాడవెట్టు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఐదేళ్ళుగా మాడకూడదని నా ప్రాణం తీసిన మనిషి.

"మాడవెట్టుమన్న. మంట వెంచు. పొగ లోపటికి వోవాలె. నీళ్ళు నల్లగ రావాలె."

కట్టెలు ఎగదోశాను. కుండలో రేకులు చిటపటలాడి, పొగ పాత్ర అంచుల నుంచి బయటికి వచ్చింది. ఆయన అక్కడే నిలబడి, ముక్కు మీద కండువా కూడా కప్పుకోకుండా, ఆ పొగంతా పీల్చాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆపరేషన్ అయిన కళ్ళు, పొగకు దూరం ఉండాలని డాక్టర్ చెప్పాడు. దూరం జరగమని అన్నాను. జరగలేదు. ఆ నల్లటి నీళ్ళు, పోయినేటివి ఇంట్లో వాడుకోవడానికి ఉంచిన రెండు సీసాలు, అన్నీ కలిపి గోలెంలో అడుగు తయారుచేశాడు. ఆరోజు నన్ను మొదటిసారి గదిలోకి రమ్మన్నాడు. బిందె పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి కదా.

శుక్రవారం కొడుకు వచ్చాడు. తండ్రీకొడుకులు గదిలోకి పోయారు. ఈసారి తలుపు దగ్గరికి వేసుకోలేదు. నేను గడప బయట నా చోట్లో ఉన్నాను. కొత్త నీళ్ళు పోసేముందు కొడుకు లోపలికి వంగి గట్టిగా వాసన పీల్చాడు.

"అదే వాసన. తాత వాసన" అన్నాడు.

బాబా గోడ దిక్కు చూస్తూ ఉన్నాడు. తర్వాత పిల్లల నుదుట చుక్కలు పెట్టారు. మధ్యాహ్నం అన్నాలు తిని, చీకటి పడితే దారి కష్టమని కొడుకు తొందరగా బయల్దేరాడు. బండి మలుపు తిరిగేదాకా బాబా చెయ్యి ఊపాడు. కనబడదని తెలిసి కూడా ఇంకొంచెంసేపు ఊపాడు.

ఆ వానాకాలంలో ఒకరోజు ఆయన నాతో మళ్ళీ మామూలుగా మాట్లాడాడు. దానిమ్మ కాయలు కోస్తున్నాం. "మీ నాయిన మోకు ఉన్నదా ఇంట్ల?" అని అడిగాడు. ఇచ్చేశాను అన్నాను. "ఉంచుకోవాల్సింది" అన్నాడు. అంతే. అది నన్ను తిట్టడమో, ఓదార్చడమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

చలికాలంలో ఆయన పోయాడు. దగ్గు పట్టింది, నాలుగు రోజులు కూడా ఉండలేదు. పొగ వల్లనేమో అని నేను డాక్టర్‌ను అడగలేదు. అడిగి తెలుసుకొనే ధైర్యం లేదు. ఊరి మగవాళ్ళు స్నానం చేయించడానికి వచ్చారు. నాకు లోపలికి పోయే పని లేదు, పొయ్యి దగ్గర చల్లటి బూడిదలో కూర్చున్నాను. కొడుకు రాగి చెంబు పట్టుకొని గదిలోకి పోయి, అడుగు నుంచి ముంచుకొని బయటికి వచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"తాతలకు దక్కింది నాయినకు గూడ దక్కుతున్నది రఫీక్" అన్నాడు.

నేను ఏడ్చాను. ముసలాయన కోసం ఏడుస్తున్నానని అందరూ నా భుజం తట్టారు. సగం ఆయన కోసమే. చెంబులో ఉన్నది నేను మాడబెట్టిన కుండ. ఆ తాతల నీళ్ళు నేనే నేలపాలు చేశాను. వాటి బదులు నా చేతి నీళ్ళు ఆయన ఒంటికి రాయబోతున్నారు, వద్దనడానికి నోరు లేదు.

తర్వాత మళ్ళను హోటల్ వాళ్ళకు లీజుకిచ్చారు. పూలు విచ్చినప్పుడు గెస్టులు మధ్యలో నడిచి ఫొటోలు తీసుకుంటారట. కాచడం లేదు. కొడుకు చెడ్డవాడై ఇయ్యలేదు. ఎవరు చూస్తారు, ఎవరు కోస్తారు? నన్ను అడిగాడు, నువ్వు ఒక్కడివి నడపగలవా అని. నడపలేనన్నాను. నడపగలిగేవాణ్ణే. ఆ గది ఎదురుగా ఇంకో సీజన్ నిలబడలేకపోయాను. అక్కడ కూడా చెట్టు సగం నుంచి దిగినట్టే దిగిపోయాను.

గోలేన్ని మాత్రం ఆయన వదల్లేదు. అల్ మవాలే ఇంటికి తీసుకుపోతానన్నాడు. పాత బొంతలు చుట్టి, పికప్‌లో నిలబెట్టి, మా నాయిన చెట్టుకు మోకు బిగించినట్టు తాడు బిగించాను. నేను వెనక కూర్చొని రెండు చేతులా పట్టుకున్నాను. కొండ కింద చెక్‌పోస్టులో పోలీసు బండి ఆపి, అందులో ఏముందని అడిగాడు.

"మా తాత" అన్నాడు అర్బాబ్. పోలీసు నవ్వి పోనిచ్చాడు.

నాకు అల్ మవాలేలోనే ఒక దుకాణం గోదాంలో పని ఇప్పించాడు. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు. ఏసీ లేదు గానీ నీడ ఉంది. పండుగకు పిలిచి కొత్త బట్టలు ఇచ్చేవాడు. రెండేళ్ళు అట్లా గడిచాయి. పోయిన రంజాన్ పండుగ అయిన మూడో రోజు ఫోన్ చేసి, డ్యూటీ అయినంక ఒకసారి ఇంటికి రమ్మన్నాడు.

హాల్‌లో సోఫా పక్కన, ఏసీ కింద, గోలెం ఉంది. ఇత్తడి మూత చేయించారు. ఆయన మూత తీసి "చెయ్యి వెట్టు" అన్నాడు. పెట్టాను. అడుగు దాకా పోయింది. పొడిగా, గరుకుగా ఉంది. ముసలాయన చెయ్యి ఆరోజు తాకింది ఇదే. నా చెయ్యి బయటికి తీయడానికి నాకూ చాలాసేపు పట్టింది.

"ఎట్ల ఎండిపోయింది రఫీక్? కొండ మీద ఎన్నడు ఎండలే."

"మట్టిది గదా అర్బాబ్, తాగుతది. ఏటేటా కొత్తది వోస్తుంటే ఎండదు."

ఆయన సోఫాలో కూర్చుండిపోయాడు. పెద్ద ఆఫీసరు, ఇస్త్రీ మడత నలగని తెల్ల బట్టలు. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకొని, బడి పిల్లగాడి లెక్క కూర్చున్నాడు.

"ముగ్గురు కాపాడిన్రు. నా చేతికొచ్చినంక రెండేండ్లల్ల ఎండిపోయింది. నాయినకు ఏం మొకం చూపెట్టాలె? నిద్ర వడ్తలేదు రఫీక్."

నేను ఊరుకుంటే సరిపోయేది. తప్పు చక్కగా ఆయన మీదికి పోయేది, ముసలాయనకు ఇచ్చిన మాట కూడా నిలబడేది. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకొని ఆ లెక్క కూడా వేసుకున్నాను, అబద్ధం ఎందుకు. కానీ ఆయన కూర్చున్న తీరు చూడలేకపోయాను. గడప మీద వాళ్ళ నాయిన కూర్చున్నది అట్లాగే.

"నువ్వు ఎండవెట్టలేదు అర్బాబ్. నేను పారవోసిన" అన్నాను.

అంతా చెప్పాను. బూడిద, సున్నం, దానిమ్మ చెట్టు, మాడబెట్టిన కుండ. మధ్యలో ఆపలేదు, ఆయన ఆపనియ్యలేదు. అయిపోయాక గోలెం దిక్కు చూశాడు. కోపం వస్తే బాగుండు అనుకున్నాను. రాలేదు.

"నాయినకు ఎరికేనా?"

"ఎరికే. మాడవెట్టుమన్నది ఆయననే."

"మరి నాకెందుకు చెప్పలే?"

మాట తప్పేశాను, ఇంకా దాచి ఏం చేయాలి. "చెప్తే నువ్వు కొండకు రావని భయపడ్డడు."

ఆయన పెదాలు కదిలాయి. లోపల ఏదో లెక్కపెట్టుకుంటున్నాడని తెలుస్తోంది. తర్వాత నన్నే అడిగాడు.

"గా తర్వాత నాయిన దగ్గరికి ఎన్నిసార్లొచ్చిన నేను?"

"రెండుసార్లు అర్బాబ్" అన్నాను. "వోసిన నాడొకసారి. బాబాను కడిగిన నాడొకసారి."

ఆయన లేచి, ఖాళీ గోలెం మీద మూత సరిగ్గా పెట్టాడు.